రాగం తీసినంతమాత్రాన నటన చావదు

పద్యనాటకం నాటకమే కాదనే మాట తెలుగునాట ఎంత స్థిరపడిపోయిందంటే, ఇప్పుడు దాన్ని ఎవరూ వాదించి నిలబెట్టాల్సిన పని కూడా లేదు. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల వేదిక మీద మాట్లాడే పెద్దలు, నాటక సమీక్షలు రాసేవాళ్లు, రంగస్థల పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది దాన్ని ఎప్పుడో తేలిపోయిన విషయంగా తీసుకుంటారు. అది పాటకచేరీ అంటారు. మైకు ముందు కదలకుండా నిలబడి ఆరున్నర శ్రుతిలో అరవడం అంటారు. పద్యం ఎత్తుకోగానే కథ ఆగిపోతుందనీ, పాత్ర మాయమై గొంతు ఒక్కటే మిగులుతుందనీ అంటారు. వన్స్‌మోర్ అని కేక వినపడితే చచ్చినవాడు లేచి మళ్లీ పాడతాడని చెప్పుకొని నవ్వుతారు. తెలుగు నాటకం ఎదగకపోవడానికి ఈ పద్యమే అడ్డం పడిందని తీర్పు చెప్పేస్తారు.

ఈ తీర్పు తప్పు. పైపైన ఒకటి రెండు దిద్దుబాట్లు చేస్తే సరిపోయే తప్పు కాదు, మూలంలోనే ఉన్న తప్పు. తెనాలి పక్క పల్లెల్లో శ్రీరామనవమి పందిళ్ల ముందు, శివరాత్రి తిరునాళ్లలో, బడి ఆవరణల్లో తెల్లవార్లూ కూర్చొని నాటకం చూడటం నేర్చుకున్నవాణ్ణి నేను. తరవాత పట్నం హాళ్లలో సాంఘిక నాటకాలు, పరిషత్తు నాటికలు, అనువాద నాటకాలు ఇష్టంగానే చూశాను, చూస్తున్నాను. ఆ రెండు లోకాలూ తెలిసినందువల్లే చెబుతున్నాను. పద్యంలో నటన లేదనేవాళ్లు పద్యాన్ని నటన కోసం ఎప్పుడూ చూడలేదు.

ఒక పద్యాన్ని దగ్గరగా చూద్దాం. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగంలో శ్రీకృష్ణ రాయబారం. కౌరవ సభలో కృష్ణుడు సంధి మాటలన్నీ చెప్పి చూశాడు. దుర్యోధనుడు వినడు. అప్పుడు కృష్ణుడు రాబోయే యుద్ధాన్ని ముందుగా చూపిస్తాడు. ఆ పద్యం తెలుగు పల్లెల్లో తెలియనివాళ్లు తక్కువ. అది శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి, మొదటే వరసగా మూడు గురువులు. నటుడు నోరు తెరవగానే మూడు బరువైన దెబ్బలు పడతాయి. ఆ తరవాత ఒక్కొక్క వస్తువూ కళ్లముందుకు వస్తుంది. జెండా మీద హనుమంతుడు, రథానికి తెల్లగుర్రాలు, వాటిని తోలుతూ తాను, వెనక నారి సారిస్తూ అర్జునుడు, చెదిరిపోతున్న సైన్యం. వాక్యం ఇంకా పూర్తి కాదు. ప్రధాన క్రియ నాలుగో పాదం దాకా రాదు. ఆ రోజున సంధి చేయమని నువ్వు మొరపెట్టుకున్నా వినేవాడు ఒక్కడూ ఉండడు అన్న మాట అక్కడ వచ్చి పడుతుంది.

ఈ కట్టడాన్ని చేసినవాళ్లకు రంగస్థలం తెలియదని ఎవరు అనగలరు? బెదిరింపు చివర్లో ఉంది. అక్కడికి చేరేవరకు సభ అంతా ఊపిరి బిగపట్టి ఉండాలి. ఆ బిగింపును నిలబెట్టే పని రాగానిది. పాదం చివర గొంతు పైకి వెళ్లి ఆగినప్పుడు అర్థం ఆగిపోవడం లేదు, ఇంకా పూర్తికాలేదని చెవికి చెబుతోంది. ఇదే సంగతిని వచనంలో చెప్పించండి. పది సెకన్లలో అయిపోతుంది. సమాచారం చేరుతుంది కానీ భయం చేరదు. దుర్యోధనుడి ముఖంలో మార్పు రావడానికి, కర్ణుడు మీసం మీద చెయ్యి వేయడానికి, భీష్ముడు తల దించుకోవడానికి కాలం చాలదు. ఆ కాలాన్ని ఇస్తున్నది పద్యమే. కృష్ణుడు పాడుతుంటే మిగతా పాత్రలు స్తంభాల్లా నిలబడ్డాయంటే, ఆ పాత్రలు వేసినవాళ్లకు వినడం కూడా నటనేనని చెప్పిన దర్శకుడు లేడు. ఆ లోపాన్ని కవి మీదకు తోయడం న్యాయం కాదు.

సీసపద్యం సంగతి ఇంకా గొప్పది. నాలుగు పొడుగు పాదాలు, ఒక్కొక్కటీ నడిమికి విరిగి రెండు మాటలుగా నిలబడుతుంది. వెనక ఆటవెలదో తేటగీతో వచ్చి తీర్పు చెబుతుంది. నాలుగు వాదనలు, చివర ఒక నిర్ణయం. లేదా నాలుగు జ్ఞాపకాలు, చివర ఒక ఏడుపు. తెలిసిన నటుడు ప్రతి పాదానికీ ముఖం మార్చుకుంటాడు, నిలుచున్న చోటు మార్చుకుంటాడు, గీతం దగ్గరకు వచ్చేసరికి గొంతు దించుతాడు. హార్మోనిస్టు ఆ దింపును ముందే పసిగట్టి శ్రుతి మాత్రం ఉంచి చేతులు తేలిక చేస్తాడు. ఆ ఇద్దరి మధ్య జరిగే పని చూడని కన్నుకు పద్యం అంతా ఒకే రాగంగా వినిపిస్తుంది. అది చూసేవాడి లోపం.

అసలు పైశ్రుతి ఎందుకు వచ్చింది? మైకులు లేని కాలంలో, ఆరుబయట, వేల మంది కూర్చున్న చోట, చివరి వరసలో చెట్టు కింద నిలబడ్డవాడికి కూడా మాట అందాలి. మామూలు మాట అంత దూరం పోదు. ఎత్తైన శ్రుతిలో సాగదీసిన స్వరం పోతుంది. ఆనాటి నటులు గొంతును అందుకోసం సాధన చేశారు. అది ప్రేక్షకుడి పట్ల చూపించిన బాధ్యత. డబ్బు పెట్టి ముందు కుర్చీలో కూర్చున్న కరణానికీ, వెనక నేల మీద చతికిలబడ్డ పాలేరుకీ ఒకే పద్యం ఒకేలా వినపడాలనే పట్టుదల. ఆ పట్టుదలను అరుపు అని పిలవడం నాకు బాధ కలిగిస్తుంది.

కదలకుండా నిలబడతారనే నేరం పద్యానిది కానే కాదు. అది మైకు స్టాండు తెచ్చిన జబ్బు. మైకు వచ్చాక దాని ముందు నుంచి కదిలితే వినపడదు కాబట్టి నటుడు అక్కడ పాతుకుపోయాడు. కృష్ణుడూ అర్జునుడూ దుర్యోధనుడూ ఒకే గొట్టం ముందుకు వంతులు వేసుకొని వచ్చారు. ఇప్పుడు దుస్తుల్లో దాచే చిన్న మైకులు ఉన్నాయి. పద్యం పాడుతూ రంగస్థలం నాలుగు మూలలా తిరగవచ్చు. సురభి వాళ్లు మాయాబజార్‌లో ఎన్ని పరికరాల మధ్య, ఎన్ని తెరల మధ్య తిరుగుతూ పద్యం పాడతారో చూసినవాళ్లకు ఈ సంగతి మళ్లీ చెప్పక్కర్లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలు ఇంతకాలం నిలబడ్డాయంటే, కదలని బొమ్మల్ని చూపించి నిలబడలేదు.

ఈ వాదనకు ఎదురుగా నటుడు బళ్లారి రాఘవను తెచ్చి నిలబెడతారు. ఆయన పాటల మోజును నిరసించాడు, సాత్త్వికాభినయానికి పెద్దపీట వేశాడు, తప్పెవరిది లాంటి వచన నాటకంలో నటించి కొత్త దారి చూపించాడు. నిజమే. ఆయన మీద నాకున్న గౌరవం ఎవరి గౌరవానికీ తీసిపోదు. కానీ ఆయన నిరసించింది దేన్ని? సందర్భం వదిలేసి గొంతు చూపించుకోవడాన్ని. హరిశ్చంద్రుడిగా, దుర్యోధనుడిగా జనం గుండెల్లో నిలిచిన నటుడే ఆయన. అతిని ఖండించిన మనిషిని తెచ్చి, ఆ కళనే ఖండించినట్టు చూపించడం ఆయనకు కూడా అన్యాయమే.

అతి ఉందా? ఉంది. రాగంలో మాట మింగేసే నటుల్ని నేనూ విన్నాను. అర్థం తెలియకుండా పాదాన్ని యతి దగ్గర కాక ఊపిరి అయిపోయిన చోట విరిచేవాళ్లను విన్నాను. కోపం రావాల్సిన చోట జనం చప్పట్ల కోసం తీపి రాగం ఎత్తుకున్నవాళ్లనూ విన్నాను. కానీ ఈ తప్పును మొదట పట్టుకున్నది బయటి విమర్శకులు కాదు, పద్యనటులే. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుణ్ణి విన్నవాళ్లను అడగండి. పద్యంలో ప్రతి మాటా విడివిడిగా వినపడేది. రాగం భావం వెనక నడిచేది. మరోవైపు షణ్ముఖి ఆంజనేయరాజు రాగానికి పెట్టింది పేరు. ఒకే పాత్ర, ఒకే కవి, రెండు దారులు. ఏ దారి మంచిదని పల్లెల్లో జనం ఏళ్ల తరబడి వాదించుకున్నారు. పక్షాలు కట్టారు. ఒక కళ లోపల ఇంత లోతైన తర్కం జరుగుతుంటే, దాన్ని తర్కం లేని పాటకచేరీ అని ఎలా అంటారు? చెడ్డ వచన నటుణ్ణి చూసి వచన నాటకం పనికిరాదని ఎవరూ అనరు. పద్యానికే ఈ శిక్ష ఎందుకు?

ఘంటసాలను కూడా ఇలాగే వాడుకుంటారు. 1967 నాటి శ్రీకృష్ణావతారం సినిమాలో ఆయన పాడిన రాయబారం పద్యాలను వినిపించి, చూడండి, పద్యం ఇంత క్లుప్తంగా ఇంత స్పష్టంగా ఉండాలి, స్టేజీ వాళ్లు పాడుచేశారు అంటారు. ఆ పద్యాలు నాకూ ప్రాణమే. కానీ సినిమాలో మైకు పెదవి దగ్గర ఉంది, కెమెరా కన్ను దగ్గర ఉంది, పాడేది ఒకరు, నటించేది మరొకరు. రంగస్థల నటుడు ఒక్క ఒంటితో, ఒక్క ఊపిరితో, కిరీటం బరువు తల మీద పెట్టుకొని, రాత్రి రెండు గంటలకు ఆ పని చేయాలి. రెండూ వేరు వేరు కళలు. పైగా తెలుగు సినిమా మాట నేర్చిందే ఈ నాటకం దగ్గర. తొలి పూర్తి తెలుగు టాకీ భక్తప్రహ్లాద సురభి నటులతో తీసిందే.

ఇక వన్స్‌మోర్. భ్రమ చెదిరిపోతుందని దీని మీద నేరం. చచ్చిన పాత్ర లేచి పాడిన కథ ఎన్నిసార్లు విన్నానో. నేను అడిగేది ఒకటే. ఆ ప్రేక్షకుడు భ్రమలో ఉన్నాడని మీకు ఎవరు చెప్పారు? హరిశ్చంద్రుడి కథ అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. కొడుకు లోహితాస్యుడు బతుకుతాడని తెలుసు. వేషం వేసినవాడు పక్క ఊరి మాస్టారని తెలుసు. అన్నీ తెలిసి ఏడుస్తున్నాడు. మళ్లీ పాడమంటున్నాడంటే, ఆ దుఃఖాన్ని ఎలా పలికించావో మళ్లీ చూపించు, ఈసారి ఇంకాస్త నిదానంగా చూస్తాను అంటున్నాడు. కళను గమనించే ప్రేక్షకుడు అతను. నాలుగో గోడ చాటు నుంచి తొంగి చూస్తున్నానని నటించే ప్రేక్షకుడు ఒక్కడే తెలివైనవాడని ఒప్పుకోవడానికి నాకు కారణం కనపడదు.

మా తెనాలి శ్రీరామవిలాస సభలో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావు ఈ మాటకు సాక్ష్యం. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆయన పాడే పాటకు వన్స్‌మోర్‌లు పడుతూనే ఉండేవని, పాడిన ప్రతిసారీ అభినయం మార్చేవాడని చూసినవాళ్లు చెప్పుకుంటూ వచ్చారు. ఒకసారి గర్వం, ఒకసారి లాలన, ఒకసారి కృష్ణుడి మీద అనుమానం. మాటలు అవే, మనసు వేరు. వన్స్‌మోర్ నటనను చంపిందా, నటుణ్ణి మళ్లీ మళ్లీ కొత్తగా వెతుక్కొనేలా చేసిందా? రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా కూడా మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్న ఆ మనిషి, గొంతు మీద బతికినవాడు కాదు. ఆయన గొంతు గొప్పది కాదని, అభినయమే ఆయన్ని నిలబెట్టిందని అనేవాళ్లు కూడా ఉన్నారు. పద్యనాటకం గొంతును మాత్రమే మెచ్చుకుంటుందనేవాళ్లు ఆయనకు ఆ కీర్తి ఎలా వచ్చిందో చెప్పాలి.

పేరున్న నటుల్ని వేరువేరు చోట్ల నుంచి పిలిపించి ఆడించే కంట్రాక్టు నాటకాల మీద వేసే నింద కూడా ఇలాంటిదే. ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు! పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధరంగానికి మరొకరు. ఇది అసంబద్ధం, పాత్ర ముక్కలైపోయింది అంటారు. నిజానికి కురుక్షేత్రం అనే పేరుతో ఆడే ఆ నాటకం ఉద్యోగం, విజయం రెండింటినీ కలిపి కుట్టినది, తెల్లవార్లూ సాగేది, ఒక్క గొంతు మీద మోయడం కష్టమైనది. అంతకంటే ముఖ్యం, ఆ ప్రేక్షకుడికి కృష్ణుడు ఏ ఒక్క నటుడి సొత్తూ కాదు. పాత్ర పెద్దది, వేసేవాళ్లు వస్తూ పోతూ ఉంటారు. పడకసీనులో అర్జునుణ్ణీ దుర్యోధనుణ్ణీ ఆడుకునే కొంటె కృష్ణుడికి ఒక గొంతు నప్పుతుంది, సభలో నిలబడి హెచ్చరించే కృష్ణుడికి మరో గొంతు నప్పుతుంది. ఒకే రాత్రి ముగ్గురినీ పక్కపక్కన పెట్టి తూచే అవకాశం ఏ నటనా పాఠశాల ఇస్తుంది? మా ఊళ్లలో అక్షరం ముక్క రానివాళ్లు ఆ తూకం వేసేవాళ్లు. ఫలానావాడు ఫలానా పాదం దగ్గర తప్పించాడని మర్నాడు పొలంలో కుప్ప వేస్తూ చెప్పుకునేవాళ్లు.

పాత పురాణాలు, పాత విలువలు, పెద్దకులాల సంస్కృతి అనే విమర్శకు బరువు ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోను. అందుకే హరిశ్చంద్ర కాటిసీను దగ్గర కాస్త ఆగుతాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్యహరిశ్చంద్రీయంలో రాజు హరిశ్చంద్రుడు వీరబాహుడికి అమ్ముడుపోయి శ్మశానానికి కాపలా కాస్తాడు. ఒంటరి రాత్రి. ఆ చోట నటులు ఒక పని చేశారు. గుర్రం జాషువా రాసిన శ్మశానవాటి పద్యాలను తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. ఆ పద్యాలు ఈ నాటకం కోసం రాసినవి కావు. వినుకొండలో పుట్టి, అంటరానితనం అనుభవించి, బతుకంతా దాన్ని కవిత్వంతో ఎదిరించిన మహాకవి విడిగా రాసుకున్నవి. కవి, రాజు, చిత్రకారుడు, ఇల్లాలు అందరూ ఒకే బూడిద అయ్యే చోటు అది. అక్కడ అంటరానితనం నడవదని చెప్పే పద్యాలు అవి.

దాని పర్యవసానం ఆలోచించండి. ఏ ఊళ్లో జాషువాను పంక్తిలో కూర్చోబెట్టేవాళ్లు కారో, ఆ ఊరి రామాలయం ముందు పందిట్లో, ఆ ఊరి పెద్దలు ముందు వరసలో కూర్చొని ఉండగా, కిరీటం పోయిన చక్రవర్తి నోట జాషువా మాట వినపడింది. జనం వన్స్‌మోర్ అన్నారు. డి.వి. సుబ్బారావు లాంటి హరిశ్చంద్రులు ఆ పద్యాలను తెలుగునేల నలుమూలలా మోశారు. కావ్యం పుస్తకంలో ఉంటే చదువుకున్న కొద్దిమందికి అందేది. కాటిసీను దాన్ని అక్షరం రాని లక్షల మందికి కంఠతా చేసింది. ఏ సభ తీర్మానించలేదు, ఏ పండితుడు అనుమతించలేదు. నటుడు, ప్రేక్షకుడు కలిసి నాటకాన్ని తెరిచి కొత్త మాటను లోపలికి రానిచ్చారు. ఇంత సజీవంగా ఉన్న రూపాన్ని మూసుకుపోయిన పాతగోడ అనడం ఎలా కుదురుతుంది?

పురాణం మాత్రమే పద్యనాటకం కాదు కూడా. కాళ్లకూరి నారాయణరావు వరవిక్రయం వరకట్నం మీద రాసింది. మధుసేవ తాగుడు మీద రాసింది. చింతామణి వేశ్యావృత్తి మీద రాసింది. మూడింట్లోనూ పద్యాలున్నాయి. చింతామణిలో సుబ్బిశెట్టి సన్నివేశాలను బూతుతో సాగదీసి, ఒక కులంవాళ్లను కించపరిచే స్థాయికి దిగజార్చింది తరవాతి ప్రదర్శనలు. వాళ్ల బాధ నిజమైనది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. ఆ చేర్పులను కోసి పారేసి, కాళ్లకూరి రాసిన నాటకాన్ని తిరిగి శుభ్రంగా నిలబెట్టమని అడగాల్సిన నాటకలోకం, అది పద్యనాటకాల గొడవ అన్నట్టు చాలావరకు ఊరుకుంది. ఈ చిన్నచూపు ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మరో సంగతి నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. షేక్‌స్పియర్ పాత్ర చచ్చిపోతూ ఛందస్సులో మాట్లాడితే మనకు మహానాటకం. జపాన్ నో నాటకంలో నటుడు ఒక్క మాటను సాగదీసి పలికితే ఘనమైన సంప్రదాయం. 1935లో మాస్కోలో చైనా నటుడు మే లాన్‌ఫాంగ్ ప్రదర్శనను జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ చూశాడు. ఆడవేషం వేసే మగవాడు, పాటతో, ముద్రతో, తాను నటిస్తున్నానని దాచకుండా నటించడం ఆయన్ని ఎంత కదిలించిందో ఆయన వ్యాసం చదివినవాళ్లకు తెలుసు. మన రంగస్థల విద్యార్థులు ఆ వ్యాసం చదువుతారు. కానీ ఆ కాలంలోనే తెనాలిలో స్థానం అదే పని చేస్తున్నాడని వాళ్లకు ఎవరు చెబుతున్నారు? మరాఠీవాళ్లు తమ బాలగంధర్వ పేర పుణెలో రంగమందిరం కట్టుకున్నారు. ఆయన పాడిన నాట్యసంగీతాన్ని కచేరీల్లో ఇప్పటికీ పాడుకుంటారు. సంగీతనాటకం అన్న మాట వాళ్లకు సిగ్గుపడాల్సిన మాట కాలేదు. సురభి నటుల విలువను గుర్తించి, వాళ్లతో శిబిరం పెట్టి, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా బస్తీ దేవత యాదమ్మ చేయించినవాడు కన్నడిగుడు బి.వి. కారంత్. వాళ్ల ఒంట్లో ఉన్న విద్య ఆయన కంటికి కనపడింది.

సాంఘిక నాటకంతో నాకు పేచీ లేదు. కన్యాశుల్కం మనకున్న అతి పెద్ద నాటకం, అది వచనమే. 1940లలో మాభూమి నాటకం చేసిన పని ఏ పద్యనాటకమూ చేయలేదు. ఆత్రేయ నాటకం ఎన్‌జీవో చూసిన తరం గుమాస్తా బతుకును అద్దంలో చూసుకున్నట్టు చూసుకుంది. పేచీ ఎక్కడంటే, పద్యాన్ని తీసేస్తే నటన దానంతట అదే వస్తుందనే నమ్మకం దగ్గర. ఈనాటి పరిషత్తు నాటికలు చూడండి. గంటలోపు ముగియాలి. తెర తీయగానే ఒక సోఫా, ఒక టేబులు, ఒక ఫొటో. చివరి పది నిమిషాల్లో తండ్రి ఏడవాలి. రికార్డు చేసిన వయొలిన్ ఏ క్షణంలో కన్నీళ్లు పెట్టుకోవాలో చెబుతుంది. పాత్రలన్నీ ఒకే గొంతుతో ఉపన్యసిస్తాయి. ఇక్కడ పద్యం లేదు, రాగం లేదు, వన్స్‌మోర్ లేదు. మరి నటన ఎందుకు రాలేదు? హాల్లో న్యాయనిర్ణేతలు, తరవాతి నాటిక వాళ్లు, ముందటి నాటిక వాళ్లు తప్ప జనం ఎందుకు లేరు?

జనం పద్యనాటకాన్ని వదల్లేదు. రాయలసీమ పల్లెల్లో రైతులు తామే చందాలు వేసుకొని, హార్మోనియం మాస్టరును కుదుర్చుకొని, నెలల తరబడి రాత్రిళ్లు పద్యాలు నేర్చుకొని కురుక్షేత్రం ఆడతారు. పగలు పొలం పని చేసినవాడు రాత్రి భీముడు. సంతకం తప్ప రాయడం రానివాడు మత్తేభం తప్పు లేకుండా పాడతాడు. పాడేటప్పుడు ఎక్కడ మాట విరవాలో మాస్టరు చెయ్యెత్తి చూపిస్తాడు, నెలాఖరుకు ఆ చెయ్యి అక్కర్లేకుండా పోతుంది. తెలుగులో ఛందస్సు చచ్చిపోయిందని బాధపడే పండితులు ఆ ఊళ్లకు వెళ్లాలి. నాటకానికి ప్రేక్షకులు లేరని బాధపడే నాటకకర్తలు కూడా అక్కడికే వెళ్లాలి. రెండు బాధలకూ ఒకే చోట జవాబు ఉంది. ఆ జవాబును పల్లెటూరి మోజుగా పక్కకు నెట్టేశాం.

ఈ చిన్నచూపు వల్ల పోయింది మాటల్లో చెప్పే పరువు ఒక్కటే కాదు. ఒక్కొక్క పద్యానికి తరాలుగా వచ్చిన వరసలు ఉన్నాయి. ఒకే పద్యాన్ని విజయనగరం వైపు ఎలా ఎత్తుకుంటారో, గుంటూరు వైపు ఎలా ఎత్తుకుంటారో, బళ్లారి వైపు ఎలా దింపుతారో తెలిసిన హార్మోనిస్టులు ముసలివాళ్లయ్యారు. అది స్వరం రాసి ఉంచుకున్న విద్య కాదు, చేతి వేళ్లలో ఉంది. హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి వేషాలు వేసిన నటీమణులు, సమాజం విసిరిన మాటలన్నీ భరిస్తూ బతుకంతా రాత్రులు మేల్కొన్నవాళ్లు, తమకు తెలిసింది ఎవరికి చెప్పాలో తెలియక ఊళ్లలో ఉన్నారు. నాటకం కాదు కాబట్టి నాటకశాఖలు వాళ్లను పిలవవు, సంగీతం కాదు కాబట్టి సంగీత కళాశాలలూ పిలవవు.

నటన నేర్పే ప్రతి చోటా పద్యాన్ని వాచికాభినయంలో ఒక పాఠంగా పెట్టండి. చరిత్ర పాఠంగా కాదు, గొంతు తెరిపించే పాఠంగా పెట్టండి. ఒక హార్మోనిస్టును జీతమిచ్చి తరగతిలో కూర్చోబెట్టండి. రాయబారం పద్యాన్ని మొదట మాటగా చదివించండి, తరవాత యతి దగ్గర ఊపిరి ఆపించండి, ఆ పైన రాగం తీయించండి, చివర దుర్యోధనుడి వేషంలో ఒకణ్ణి ఎదురుగా నిలబెట్టి వినమనండి. ఆ విద్యార్థి ముఖం చూశాక కూడా ఇందులో నటన లేదనిపిస్తే, అప్పుడు వాదిద్దాం. పరిషత్తుల్లో పద్యనాటకానికి మార్కులు వేసేవాళ్లు, రాగానికి ఎన్ని, ఆంగికానికి ఎన్ని అని విడదీసి వేయడం మానండి. ఆ రెండూ ఒకే ఊపిరిలో పుడుతున్నాయా లేదా అన్నదానికి వేయండి. పాడుతున్న హరిశ్చంద్రుణ్ణి చూస్తున్నప్పుడు కొడుకు శవాన్ని పట్టుకొని సుంకం అడిగించుకుంటున్న చంద్రమతి వైపు కూడా చూడండి. ఆమె ఆ సమయంలో ఒక్క మాట మాట్లాడదు. మీరు వెతుకుతున్న నటన అక్కడ ఉంది.